నూటికి ఐదు

ఒలావి కూసెలా నా వెనక నిలబడ్డాడు.
చేతిలో పలక, పలక మూలన గడియారం.
టాంపెరేలో మార్చి నెల. బూట్ల ఫ్యాక్టరీ కిటికీలకి మంచు,
లోపలివైపు కూడా.

ఇవాళ నా చేతులకి ధర కడతారు.

ముందురోజు రాత్రే చేతులకి చెప్పిపెట్టాను:
తోలు అందుకునేటప్పుడు ఒకసారి తడుముకోండి,
దారం తెగకపోయినా కొస చూడండి,
కత్తెర ఎప్పుడూ ఉండే చోటే ఉంటుంది,
అయినా వెతకండి.
తొందరపడటం ఎవరికైనా వచ్చు.
పదిహేడేళ్ళు పట్టింది నాకు
నెమ్మదిని నిజంలా కుట్టడానికి.

అతనికీ తెలుసు.
గడియారం నొక్కి, నా భుజాల్ని చూసి
పక్క గడిలో రాసుకున్నాడు: ఎనభై.
అంటే నూరు పెట్టగలిగిన మనిషి
ఎనభై పెడుతోందని.
కంటితో తూచిన తూకం అది.
ఏ తక్కెడా ఒప్పుకోదు,
జీతం కాగితం ఒప్పుకుంటుంది.

నేను దాచింది అతను లెక్కగడతాడు,
లెక్కగడతాడని ఇంకొంచెం దాస్తాను నేను.
సంతలో తువ్వాలు కింద వేళ్ళ బేరంలా
గంటన్నర సాగింది,
ఇద్దరం ఒక్క మాటా అనలేదు.

తర్వాత ఇర్యా దగ్గరికి వెళ్ళాడు.

చేరి ఆరు వారాలు.
కరేలియాలో ఆవునీ అలమరనీ వదిలేసి
వచ్చిన కుటుంబం, ఒక్క గదిలో ఏడుగురు.
తనకి పని వచ్చని ఎవరికైనా చూపించాలని
ఆ పిల్ల ఆరాటం.
నేను దగ్గాను. పెడల్ ఖాళీగా తొక్కాను.
ఎదురు వరసలో హిల్కా కత్తెర కింద పడేసింది.
పిల్ల తలెత్తలేదు.
వడగళ్ళు పడ్డట్టు పడింది సూది,
మడమ ముక్క, నాలిక ముక్క, అంచు,
ఎంత అందంగా కుట్టిందో!
చప్పట్లు కొట్టాలనీ
చెంప మీద కొట్టాలనీ
ఒకేసారి అనిపించింది నాకు.

శుక్రవారం గోడ మీద కాగితం.
డజను జతలకు నలభై ఆరు మార్కులున్నది
ముప్పై తొమ్మిది.
అందరికీ. ఆ పిల్లకి కూడా.

ఎవరూ తిట్టలేదు.
మధ్యాహ్నం కాఫీ దగ్గర
దాని పక్క కుర్చీ ఖాళీగా ఉంది, అంతే.
రై రొట్టె నములుతూ కాగితం వైపే చూస్తోంది,
తన పేరు ఎక్కడైనా ఉందేమోనని.

కాగితం అడుగున సన్నటి అక్షరాల్లో ఒక వరస:
సొంత అవసరాలకు నూటికి ఐదు.
మంచినీళ్ళు, దొడ్డికి పోవడం, ముక్కు చీదడం,
నెలసరి, సూది గుచ్చుకున్న వేలు నోట్లో పెట్టుకోవడం,
యుద్ధంలో పోయినాయన ఉన్నట్టుండి గుర్తొస్తే
మిషను ఆపి కిటికీ వైపు తిరగడం,
అన్నీ ఆ ఐదులోనే సర్దుకోవాలి.
నేను కొన్నేళ్ళుగా సర్దుకుంటున్నాను.
నీళ్ళు తగ్గించాను.

సాయంత్రం మెట్ల మీద ఒలావి ఎదురయ్యాడు.
తప్పుకోబోయి ఆగాడు.
"నా పైనా ఒకాయన ఉన్నాడు," అన్నాడు,
"వదులుగా కట్టిన ధరలన్నీ
నా పేరు కింద ఎర్రసిరాతో రాస్తాడు."
నీకెంతిస్తారని అడిగాను.
చెప్పలేదు. తల వంచుకున్నాడు,
నేనూ కిందికే చూశాను.
కాళ్ళకి మా ఫ్యాక్టరీ బూట్లే, రెండో రకం,
తోలు మీద మచ్చ ఉందని తక్కువకి అమ్మేవి.
అంచు మీది కుట్టు నాది.
గుర్తుపట్టాను.
ఎవరూ చూడని ఏదో ఒక రోజున
నూటికి నూరూ పెట్టి కుట్టింది.

సోమవారం ఇర్యా పక్కన కూర్చున్నాను.
కళ్ళు వాచి ఉన్నాయి. ఏమీ అడగలేదు నేను.
తోలు ముక్క చేతికిచ్చాను.
"కత్తెర ఎక్కడుంది?" అన్నాను.
"ఇక్కడే," అంది, చెయ్యి దాని మీదే ఉంది.
"కాదు," అన్నాను.
"వెతుకు."